ఒకటో తరగతి ఎందుకు ఆలస్యమైంది

మా ఆఫీసు హిందూపురంలో ఒక టైర్ల కొట్టు పైన రెండు గదులు. ముందు గది నిండా ఎర్ర సిలిండర్లు, వెనక గదిలో నా బల్ల. మంటలార్పే సిలిండర్లు నింపివ్వడం, ఇసుక బకెట్లు అమ్మడం, బడుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ మగ్గాల షెడ్లలోనూ మాక్ డ్రిల్ చేయించి కాగితం ఇవ్వడం మా పని. నిప్పు అంటుకుంటే అందరూ ఎంతసేపట్లో బయటికి రాగలరో ముందే చూసుకోవడం అన్నమాట. మా సార్ అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరై ఈ ఆఫీసు పెట్టుకున్నారు. గంట కొట్టించేది, అరిచేది, తిట్టేది ఆయన. రాసేది నేను.

ఉద్యోగానికి వెళ్ళిన రోజు ఆయన నాలుగు ప్రశ్నలు వేశారు. మూడింటికి తల ఊపాను.

"ఏమ్మా, నువ్వు మాట్లాడవా?" అన్నారు.

"రాస్తాను సార్," అన్నాను.

ఆయన నవ్వి, అక్కడే ఉన్న లావుపాటి రిజిస్టరు నా ముందుకు తోశారు. మూడేళ్ళయింది. తొమ్మిదో తరగతి నుంచీ డైరీ రాసే అలవాటు నాకు అన్నం పెడుతుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

మా ఇల్లు పెనుకొండలో. పొద్దున రైల్లో హిందూపురం వెళ్తాను, సాయంత్రం తిరిగి వస్తాను. దారిలో లైబ్రరీ పుస్తకం చదువుకుంటాను. పక్కన కూర్చున్నవాళ్ళు పలకరించకుండా ఉండడానికి పుస్తకం మంచి సాధనం.

రిజిస్టరులో ఒక్కో డ్రిల్‌కి ఒక్కో పేజీ. గంట మోగిన సమయం, మొదటి మనిషి బయటికి వచ్చిన సమయం, చివరి మనిషి వచ్చిన సమయం, లోపల ఎంతమంది, బయట లెక్కకు ఎంతమంది. అన్నిటికంటే కింద 'గమనికలు' అని నాలుగు గీతల చోటు. నాకంటే ముందు పనిచేసినవాళ్ళు ఆ చోట్లో 'సంతృప్తికరం' అని ఒకే మాట రాసేవారు. పేజీలు తిరగేస్తే అదే మాట వరసగా కనిపించేది. నాకు ఖాళీ గీతలు చూస్తే చెయ్యి ఊరుకోదు. పైగా ఆ చోట్లో రాయదగ్గ సంగతులు ఎన్నో జరిగేవి.

హిందూపురంలో ఒక దుస్తుల ఫ్యాక్టరీలో గంట మోగితే, ఆడవాళ్ళంతా టిఫిన్ బ్యాగులు భుజానికి తగిలించుకుని మరీ మెట్లు దిగారు. సార్‌కి కోపం వచ్చి ఒకామెను ఆపి అడిగారు.

"నిజెంగా అంటుకుంటే ఇడిసేస్తాం సార్," అందామె. "ఇది ఉత్తుత్తిది కదా. కిందికి పోయొచ్చేలోపల నా సంగటి ఎవురన్నా తినేస్తే?"

ధర్మవరంలో మగ్గాల షెడ్డులో ఒక తాత, గంట మోగుతూనే ఉన్నా, కాళ్ళుంచే గుంటలోంచి లేచి మగ్గం మీది పట్టు పోగులన్నిటి పైనా తెల్లగుడ్డ పరిచి, నాలుగు మూలలూ సర్ది, అప్పుడు బయలుదేరాడు.

"తాతా, నిప్పు అంటుకుందని అనుకోవల్ల నువ్వు," అన్నారు సార్.

"అనుకున్యా నాయనా. దానికే కప్పుతాండా. రవ్వ పడితే చీర పాడయిపోతాది."

ఇలాంటివన్నీ గమనికల్లో రాసేదాన్ని. ఎవరూ చదవరనే ధైర్యం. యజమానులు పేజీ కింద సంతకం పెట్టి కాగితం తీసుకునేవారు, అంతే. ఎవరూ చదవని చోట రాయడం డైరీ రాయడం లాంటిదే. హాయిగా ఉండేది. మాటలు పొందికగా కుదిరితే రైల్లో తలుచుకుని సంతోషపడేదాన్ని కూడా.

అలా ఉండగా మా ఊళ్ళోనే, పెనుకొండలో, ఒక ప్రైవేటు బడికి డ్రిల్ పడింది. వానలు వెలిసి రెండు నెలలయింది. బడికి గుర్తింపు పొడిగించుకునే ఫైల్లో మా కాగితం కూడా పెట్టాలి. బడి నడిపేవారిని అక్కడ అందరూ కరస్పాండెంట్ సార్ అంటారు. చెడ్డ మనిషి కాదు. కాకపోతే ఆయనకు ప్రతిదీ నీటుగా ఉండాలి. ఆ ఏడాదే గదులకు తెల్ల టైల్స్ వేయించారు. చెప్పులైనా, షూ అయినా గుమ్మం బయటే విడవాలి. ప్రతి గది ముందూ పాదరక్షలు వరసగా ఉంటాయి, పెళ్ళి భోజనాల పందిరి ముందు ఉన్నట్టు.

నేనూ చెప్పులు విడిచి, వరండా చివర నిలబడి, ఫోనులో సమయం చూస్తున్నాను. పొడుగాటి గంట మోగింది. పెద్ద తరగతులవాళ్ళు పరుగెత్తుతూ వచ్చి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, ఒకరి చెప్పు ఒకరు తొడుక్కుని, నవ్వుకుంటూ మైదానంలోకి పోయారు. రెండు నిమిషాల్లో వరండా సగం ఖాళీ అయింది. ఒకటో తరగతి మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆ తరగతి టీచరమ్మకు యాభై దాటి ఉంటాయి. మెడలో చిన్న శిలువ, జారుముడి, నీలం చీర. ఆమె గుమ్మంలో కింద కూర్చుని ఒక్కొక్క పిల్లనూ పిలిచి, కాలు పట్టుకుని, చెప్పు తొడిగి, బకిలు పెట్టి పంపుతోంది.

"మిస్, నాది ల్యా!"

"అది నీదే నాయనా, తిరగేసి ఉండాది. రా, కాలియ్యి."

"మిస్, ఈడు నా చెప్పు యేసుకున్యాడు!"

"యేసుకోనీలే, వాందీ నువ్వు యేసుకో. పో, పో."

ఇరవై ఏడు మంది. ఆరు నిమిషాల యాభై సెకన్లు. మైదానంలో అప్పటికే వరసలు కట్టిన మిగతా బడంతా అటు చూస్తూ నిలబడింది. కరస్పాండెంట్ మెడ ఎర్రబడింది.

నేను గమనికల్లో రాశాను: 'ఒకటో తరగతి అందరికంటే చివర వచ్చింది. ఉపాధ్యాయురాలు పిల్లలకు చెప్పులు తొడుగుతూ ఆలస్యం చేశారు.' రెండే వాక్యాలు, ఎక్కడా ఎక్కువ తక్కువలు లేవు. నచ్చాయి నాకు.

ఆఫీసు గదిలో కరస్పాండెంట్ సంతకం పెట్టబోతూ ఆగి, గమనికలు చదివారు. మూడేళ్ళలో ఆ నాలుగు గీతలు చదివిన మొదటి మనిషి ఆయనే. వేలు ఆ వాక్యం మీదే పెట్టి ఉంచి, ఆయమ్మను పిలిచి టీచరమ్మను రమ్మన్నారు. ఆయమ్మ అంటే బడిలో గంట కొట్టే ఆమె.

"చూడండి మేడమ్, రాతలో ఉండాది. నేను చెప్పేది కాదు. నిప్పు అంటుకుంటే గూడా చెప్పులు తొడుగుతా కూర్చుంటారా మీరు?"

"పిల్లోళ్ళ కాళ్ళు సార్..." అందామె.

"కాళ్ళు! మనిషి మిగిలితే కదా కాళ్ళు? పదైదు దినాలకు మళ్ళా డ్రిల్లు పెట్టిస్తాండా. ఆ పొద్దు గూడా ఇట్లే అయితే మీరు ఇంగ ఇంటికాడ ఉండండి. వయసులో ఉండే పిల్లని పెట్టుకుంటా ఒకటో తరగతికి."

ఆమె నా వైపు ఒకసారి చూసింది. కోపంగా కాదు. పాఠం అప్పజెప్పిన పిల్లను చూసినట్టు చూసింది. నేను రిజిస్టరు మూసి సంచిలో పెట్టుకున్నాను.

గేటు దగ్గర ఆయమ్మ మమ్మల్ని సాగనంపుతూ సార్‌తో అంది: "పద్నాలుగేండ్లాయ ఆ టీచరమ్మ ఈడ చేరి. ట్రైనింగు సర్టిఫికెట్టు లేదు. ఈ వయసులో ఇంగో బడోళ్ళు యాడ తీసుకుంటారు సార్? మొగుడు మంచాన పడి రెండేండ్లాయ."

సార్ "అట్లనా" అని జీపెక్కారు. నేనూ ఎక్కాను. ఆ సాయంత్రం డైరీలో ఆ రెండు వాక్యాలూ మళ్ళీ రాసి చూసుకున్నాను. అబద్ధం ఏదీ లేదు. ఆమె తొడిగింది. ఆలస్యమైంది. అయినా ఆ వాక్యం పట్టుకుని ఒక మనిషి ఇంకో మనిషిని ఇంటికి పంపబోతున్నాడు. అన్నం సరిగా తినలేదేమని అమ్మ అడిగింది. కడుపు బాగాలేదని చెప్పాను.

రెండో శనివారం మాకు సెలవు, ఆ బడికి కాదు. మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్ళాను. గేటు ముందు నుంచి ఒకసారి నడిచి ముందుకు పోయాను. కొంతదూరం పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ గేటు దాటి ఇటు వచ్చేశాను. మూడోసారి ఆయమ్మే పిలిచింది.

"ఏం పాపా, అట్లా ఇట్లా తిరుగుతాండావు? ఏమన్నా పోగొట్టుకుంటివా?"

"టీచర్‌తో మాట్లాడాల," అన్నాను.

టీచరమ్మ తన గదిలో ఒక పాపకు టిఫిన్ డబ్బా మూత తీసి ఇస్తోంది. నేను గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఏం అడగాలో దారంతా అనుకుంటూ వచ్చాను. అక్కడికొచ్చాక ఒక్క ముక్కే మిగిలింది.

"ఎందుకు మేడమ్?"

ఆమెకు అర్థమైంది. "చెప్పులు ఇడిసే వచ్చినావు కదా? అట్లనే నా ఎంట రా," అని మైదానం వైపు నడిచింది. ఆమె తన చెప్పులు వేసుకుంది. నన్ను వేసుకోనివ్వలేదు.

వరండా మెట్టు దిగి నాలుగడుగులు వేశాను. ఐదో అడుగుకి "అమ్మా!" అని ఒంటికాలి మీద నిలబడిపోయాను.

"ఎన్ని?" అందామె.

"రెండు."

"పల్లేరుకాయలు. వాన పడినాక ఈ నేలంతా ఇదే. పైకి కనపడదు, ఎండిపోయి మట్టి రంగులో ఉంటాది. నువ్వు పెద్దదానివి, రెండు పెరుక్కుంటావు. ఇరవై ఏడు మందిని నేను యాడ కూర్చోబెట్టి పెరకల్ల?"

ఆమె భుజం పట్టుకుని నిలబడి ఒక ముల్లు తీశాను. ఇంకోటి లోపలే విరిగింది. వరండాలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, అప్పుడు చెప్పింది మిగతాది. పోయినేడు ఒక పిల్లవాడు చెప్పుల్లేకుండా ఆటకు పరుగెత్తాడు. కాలు వాచి, చీము పట్టి, వాళ్ళ నాన్న బడి మీదికొచ్చాడు. అప్పుడు కరస్పాండెంట్ సార్ సర్క్యులర్ రాసి తిప్పారట: చెప్పులు లేకుండా ఏ పిల్లా మైదానంలో అడుగుపెట్టకూడదు, పెడితే ఆ తరగతి టీచరుదే బాధ్యత.

"మేమంతా సంతకాలు చేస్తిమి," అంది. "ఈ ఏడు టైల్సు యేసినాక ఇంగో సర్క్యులర్ వచ్చె. చెప్పులు బయటనే ఇడవల్లని. దానికీ సంతకం చేస్తిమి. పెద్ద పిల్లోళ్ళు తొడుక్కుంటారు. నా పిల్లోళ్ళకు ఎడమ ఏదో కుడి ఏదో తెలీదు."

"మరి ఆరోజు కరస్పాండెంట్ సార్‌కి చెప్పలేదేం?"

"ఆయన రాసిందే ఆయనకు మీ సార్ ముందర చూపిస్తే, చిన్నతనం కాదా? నాలుగు తిట్లు తింటే పోతాది లే అనుకున్యా." నా చేతిలోని గ్లాసు తీసుకుంది. "ఇంటికాడ ఉండండి అంటాడనుకోలే. ఉద్యోగం పోతే కష్టమే పాపా. ప్రార్థన చేస్తాండా. నువ్వేం ఇది కావద్దు. నువ్వు రాసిందాంట్లో అబద్ధం యాడుంది?"

ఆ మాట ఇంకా గుచ్చుకుంది. ఆయమ్మను అడిగి సర్క్యులర్ బుక్కు తెప్పించుకుని, రెండు పేజీలూ చదివి, తారీఖులు నా చిన్న పుస్తకంలో ఎక్కించుకున్నాను. రెండింటి కిందా ఒకటే సంతకం, ఒకటే పచ్చ సిరా.

ఇంటికి కుంటుకుంటూ వెళ్ళాను. అవ్వ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మా అవ్వ పెళ్ళయినప్పటి నుంచీ ముప్పై ఏళ్ళు గొర్లు కాసింది. నా కాలు ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో ముల్లు తీసి, వేలిమీద పెట్టి చూసింది.

"పల్లేరు. ఆఫీసు పని చేసే దానికి కాల్లో పల్లేరు యాల దిగిందే? గొర్లు మేపేకి పోయింటివా?"

సంగతంతా చెప్పాను. అవ్వతో అయితే నాకు మాటలు వస్తాయి.

"ఓస్, దానికేమే! మేము మంద పెట్టే చోట ఇంతింత పల్లేరు ఉంటాండె. ముందు చెట్టు వేరుతో గీకి పారేయల్ల. ఇంగ నేలమీద కాయ మిగులుతాది కదా, దానికి గోనెపట్ట తడిపి ఈడ్చల్ల. కాయలన్నీ పట్టకే అతుక్కుంటాయి. రెండు మూడు తూర్లు ఈడిస్తే పసిబిడ్డను పండుకోబెట్టొచ్చు ఆడ."

సోమవారం ఆఫీసులో సార్ టీ తాగేదాకా ఆగి, రిజిస్టరు తీసుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"సార్, పెనుకొండ బడి పేజీలో నేను రాసింది తప్పు."

"టైము తప్పా?"

"కాదు సార్."

"మనుషుల లెక్క తప్పా?"

"కాదు."

"ఇంగేం తప్పు?"

"'ఆలస్యం చేశారు' అని రాశాను. ఎందుకు చేశారో అడక్కుండానే రాశాను."

జరిగింది చెప్పాను. అంత పొడుగ్గా నేను ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"సంతకం పడిన పేజీలో గీత కొడితే ఆ రికార్డు దేనికీ పనికిరాదు," అన్నారు. "కొట్టొద్దు. దాని కిందనే ఈ పొద్దు తారీఖు ఏసి, అదనపు గమనిక అని రాయి. రాసి, ఆయన దగ్గరికి పోయి చదివిచ్చు. చదవకుండా సంతకం పెట్టిచ్చుకోవద్దు."

"మీరు వస్తారా సార్?"

"నేను ధర్మవరం పోవల్ల. రాసేది నువ్వు. నువ్వే పో."

ఆ అదనపు గమనికను నాలుగుసార్లు చిత్తు కాగితం మీద రాశాను. మొదటిది మరీ పొడుగు. రెండోది టీచరమ్మ మీద జాలిగా ఉంది. జాలి రికార్డులో ఉండకూడదు. మూడోది కరస్పాండెంట్ మీద కోపంగా ఉంది. అదీ ఉండకూడదు. నాలుగోది ఎక్కించాను.

మంగళవారం ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి నేరుగా బడికి వెళ్ళాను. కరస్పాండెంట్ ఫైళ్ళు సర్దుకుంటున్నారు.

"ఏమ్మా, డ్రిల్లు ఇంకా వారముంది కదా?"

రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు కోసం జేబులు తడుముకుని, దొరక్క, కుర్చీలో వెనక్కి వాలారు.

"నువ్వే చదువు. వింటాండా."

చదవాల్సి వస్తుందని అనుకోలేదు. రిజిస్టరు తిప్పుకుని చదివాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది.

'అదనపు గమనిక. అందరూ చేరాల్సిన మైదానంలో పల్లేరుకాయలు ఉన్నాయి. చెప్పులు లేకుండా పిల్లల్ని మైదానంలోకి పంపరాదని పాఠశాల సర్క్యులర్ ఉంది. చెప్పులు తరగతి బయటే విడవాలని మరో సర్క్యులర్ ఉంది. ఒకటో తరగతి పిల్లలు తమంతట తాము చెప్పులు తొడుక్కోలేరు. ఉపాధ్యాయురాలు రెండు సర్క్యులర్లనూ పాటించారు. ఆలస్యానికి కారణం ఇదే.'

తల ఎత్తలేదు నేను.

"ఏమమ్మా ఆయమ్మా," అని పిలిచారాయన. "ఆ సర్క్యులర్ బుక్కు తే. నా కళ్ళజోడు గూడా యాడన్నా ఉంటే తే."

రెండూ వచ్చాయి. ఒక పేజీ చదివారు. వెనక్కి తిప్పి ఇంకోటి చదివారు. మళ్ళీ మొదటిది చదివారు.

"రెండూ నేనే రాసినానా?"

"అవును సార్."

"ఇన్ని సంతకాలు పెట్టినారు, ఒకరన్నా చెప్పినారా నాకు? ఆ మేడమ్ అన్నా నోరు తెరవకూడదా?" అని కాసేపు చిరచిరలాడారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను నలుగుర్లో అరిస్తే ఆ మేడమ్ యాడ చెప్తాది లే," అన్నారు తనలో తానే అన్నట్టు.

నేను అలాగే నిలబడి ఉన్నాను.

"కూర్చో పాపా. సరే, గంట కొట్టినప్పుడు చెప్పులు మాన్పిస్తాం. ముండ్లు ఎట్ల? పోయినేడు మనిషిని పెట్టి పారతో గీకిస్తి. మళ్ళా గుచ్చుకునె."

"గోనెపట్ట తడిపి ఈడ్చాల సార్," అన్నాను.

"ఏందీ?"

అవ్వ చెప్పిందంతా చెప్పాను. గొర్ల మంద, వేరుతో గీకడం, తడిపట్ట, అన్నీ. ఆయన మొదట నవ్వారు. తర్వాత కాగితం మీద 'గోనెపట్టలు 6' అని రాసుకున్నారు. ఆపైన నా పేజీలో అదనపు గమనిక కింద సంతకం పెట్టారు, అదే పచ్చ సిరాతో.

ఆదివారం మైదానానికి నేనూ వెళ్ళాను, అవ్వ తోడుంటే వెళ్ళడం సులువు. ఇద్దరు కూలీలు పారలతో చెట్లు గీకారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు తడిగోనెలకు తాళ్ళు కట్టి ఈడ్చారు. మొదటి తూరికే గోనె అడుగున పల్లేరుకాయలు కందిరీగల్లా అతుక్కున్నాయి. అవ్వ గట్టుమీద కూర్చుని కేకలేస్తూనే ఉంది.

"ఓ అబ్బోడా, పరిగెత్తొద్దు! మెల్లగా ఈడువు. కాయ ఎగిరిపోతాది!"

"ఏమవ్వా, నువ్వు ఈడ హెడ్‌మాస్టరా?" అన్నాడొకడు.

"హెడ్‌మాస్టర్నే. ఆ మూల ఇడిసినావు, పో, మళ్ళా ఈడువు."

కరస్పాండెంట్ కూడా ఒక గోనె ఈడ్చారు, ఒక్క తూరి, ఫోటో కోసం. టీచరమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చింది, తెల్లచీరలో. పని అయిపోయాక గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిచింది. మధ్యలో రెండుసార్లు వంగి కాయ ఏరింది. తిరిగి వస్తూ ఇంకోదారిన నడిచింది. ఈసారి వంగలేదు. అవ్వ నా చెవిలో, "చూడు, మందకు చోటు చూసేవాళ్ళు అట్లనే నడుస్తారు," అంది.

గురువారం రెండో డ్రిల్. సార్ కూడా వచ్చారు. నేను వరండా చివర నిలబడ్డాను. పొడుగాటి గంట మోగింది. పిల్లలు ఉత్తకాళ్ళతో బయటికొచ్చారు. చెప్పులు విడిచినచోటే ఉన్నాయి, ఎవరూ వాటి వైపు చూడలేదు. ఒకటో తరగతి ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని రైలుబండిలా వచ్చింది. ముందు టీచరమ్మ, ఆమె కూడా ఉత్తకాళ్ళతోనే. పన్నెండు తరగతి గదుల్లో రెండోగా మైదానం చేరింది వాళ్ళే. నిమిషం ఇరవై సెకన్లు.

"నిలబడండి, నిలబడండి. కదలద్దు. ఒకటి, రెండు, మూడు..." తలల మీద చెయ్యి పెడుతూ లెక్కపెట్టింది. "ఇరవై ఏడు!" అని గట్టిగా నా వైపు చెప్పింది. ఎవరి కాల్లోనూ ముల్లు లేదు. ఒక పిల్లవాడు మాత్రం ఉందని ఏడ్చాడు. చూస్తే చాక్‌పీస్ ముక్క.

రెండు నిమిషాల పది సెకన్లకు మైదానంలో అందరూ ఉన్నారు. నేను ఫోను ఆపబోయాను.

"ఆపొద్దు," అన్నారు సార్. "లెక్కలో ఒకరు తక్కువ."

వరండా వైపు చూశాం. కంప్యూటర్ గది గుమ్మంలో కరస్పాండెంట్ కూర్చుని, షూ లేసులు కట్టుకుంటున్నారు. ఆ గదిలోకి షూతో వెళ్ళకూడదని నియమం, అదీ ఆయనదే. బడంతా ఆయన్నే చూస్తోంది. పదో తరగతి వరసలో మొదలైన నవ్వు ఒకటో తరగతి దాకా పాకింది, చిన్నవాళ్ళకు ఎందుకో తెలియకపోయినా. ఆయన తల ఎత్తి చూసి, ఒక లేసు కట్టి ఒకటి కట్టకుండానే పరుగెత్తుకొచ్చారు. మూడు నిమిషాల ఐదు సెకన్లు.

"అలవాటప్పా, చేతులు వాటంతట అవే పోయినాయి," అన్నారు సార్‌తో. ఆపైన నా వైపు తిరిగి, "రాస్తావా ఇది?"

నేను మా సార్ వైపు చూశాను.

"గడియారం చెప్పింది రాయమ్మా," అన్నారు సార్.

రాశాను. ఆఫీసు గదిలో కరస్పాండెంట్ ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, పేజీ పైనుంచి కిందిదాకా చదివారు. 'చివరగా వచ్చినవారు: కరస్పాండెంట్. కారణం: షూ లేసులు.' అక్కడ ఒక్క క్షణం ఆగి, సంతకం పెట్టారు. పెన్ను మూయలేదు.

"ఇందులోనే ఒక మాట చేర్చు. వచ్చే ఏడు గూడా ఒకటో తరగతికి ఆ మేడమే అని రాయి. ఆ పొద్దు నేనన్న మాట వాపసు తీసుకుంటాండా అని గూడా రాయి."

"అది ఇందులో రాసేది కాదు సార్," అన్నాను.

మా సార్ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు.

"మరి యాడ రాయల్ల?" అన్నారు కరస్పాండెంట్.

"మీ సర్క్యులర్ బుక్కులో సార్. మీరే రాయాల."

ఆయన నన్ను చూసి, బుక్కు తెమ్మని ఆయమ్మకు చెప్పారు. రెండు వాక్యాలు రాశారు, పచ్చ సిరాతో. ఏం రాశారో నేను చూడలేదు, చూడడం మర్యాద కాదు. ఆయమ్మ బుక్కు తీసుకుని సంతకాలకు బయలుదేరింది. ఎప్పుడూ పదో తరగతి నుంచి మొదలుపెట్టేదట. ఆ రోజు మాత్రం తిన్నగా వరండా చివర ఒకటో తరగతికి పోయింది.

మేము జీపు ఎక్కుతూ ఉంటే ఒకటో తరగతి గది కిటికీలోంచి కనిపించింది. టీచరమ్మ బల్ల మీద బుక్కు తెరిచి చదివింది. మళ్ళీ చదివింది. ముందు బెంచీ పాప దగ్గర పెన్ను అడిగి తీసుకుని, సంతకం చేసి, పెన్ను పాపకు తిరిగిచ్చేసింది. చీర కొంగుతో ఒకసారి ముఖం తుడుచుకుని, బోర్డు వైపు తిరిగి, ఆపేసిన పాఠం ఎక్కడుందని పిల్లల్ని అడిగింది. వాళ్ళంతా ఒక్కసారే అరిచి చెప్పారు.